కాలేజీ అథ్లెటిక్స్ కోచ్ ఉద్యోగం: పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలకు ఈ ఉద్యోగం గురించి వివరంగా చెప్పేవాళ్ళు దొరకడం కష్టం. తెలుగులో దొరికే సమాచారమంతా ఆంధ్రా, తెలంగాణ రూల్స్‌తో ఉంటుంది, ఇక్కడి నోటిఫికేషన్లేమో ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తాయి. గ్రౌండ్‌లో పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, కొత్తగా పీజీ చేసినవాళ్ళు నన్ను పదేపదే అడిగేవన్నీ ఒకచోట పెడితే బాగుంటుందని రాస్తున్నాను.

కాలేజీలో అథ్లెటిక్స్ కోచ్‌కి రోజంతా ఏం పని ఉంటుంది?

ముందు ఒక విషయం తెలుసుకోండి. మన జిల్లాల కాలేజీల్లో అథ్లెటిక్స్‌కి విడిగా కోచ్ పోస్టు దాదాపు ఉండదు. ఉండేది పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడి) పోస్టు, పెద్ద చోట్ల ఫిజికల్ డైరెక్టర్ పోస్టు. ఆ ఒక్క మనిషే కబడ్డీ జట్టును చూసుకోవాలి, వాలీబాల్ నెట్ కట్టించాలి, ఆగస్టు 15 పరేడ్ నడిపించాలి, స్టాక్ రిజిస్టర్ రాయాలి, అడ్మిషన్ల రోజుల్లో కౌంటర్‌లో కూర్చోవాలి, పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్ చేయాలి. ఇవన్నీ పోగా పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర మిగిలితే అందులోనే పరుగులు, జంపులు, త్రోలు.

పొద్దున అయిదున్నరకల్లా గ్రౌండ్‌లో ఉండాలి, ఎందుకంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎనిమిది దాటితే ఎండలో పిల్లల చేత గట్టి పని చేయించలేం. కొంతమంది గంట దూరం నుంచి సైకిల్ మీద వస్తారు. వాళ్ళు వచ్చేసరికి మీరు లేకపోతే రెండు రోజులు చూస్తారు, మూడోరోజు రారు. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైనది, అన్నిటికన్నా ఫలితం ఇచ్చేది కూడా ఇదే అని నా నమ్మకం.

ఏం చదవాలి? ఏ దారి మంచిది?

రెండు దారులున్నాయి, వీలైతే రెండూ పట్టుకోండి.

ఒకటి చదువు దారి. డిగ్రీ తర్వాత రెండేళ్ళ బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ), ఆపైన ఎంపీఈడీ (అందులోనే పీజీ). యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 రెగ్యులేషన్స్ ప్రకారం కాలేజీలో ఫిజికల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్ కావాలంటే ఫిజికల్ ఎడ్యుకేషన్‌లోనో స్పోర్ట్స్ సైన్స్‌లోనో పీజీ ఉండాలి, అందులో 55 శాతం మార్కులు రావాలి (ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీ లేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 5 శాతం సడలింపు). దాంతోపాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) పాసవ్వాలి లేదా నిబంధనల ప్రకారం చేసిన పీహెచ్‌డీ ఉండాలి. ఇంటర్ కాలేజ్, ఇంటర్ యూనివర్సిటీ, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో ఏదో ఒకదానిలో ఆడినట్టు రికార్డు కూడా అడుగుతారు. చాలామంది మరిచిపోయేది ఫిట్‌నెస్ టెస్ట్. 30 ఏళ్ళలోపు మగవాళ్ళు 12 నిమిషాల్లో 1800 మీటర్లు, ఆడవాళ్ళు 8 నిమిషాల్లో 1000 మీటర్లు పూర్తి చేయాలి. వయసు పెరిగేకొద్దీ ఆ దూరం తగ్గుతుంది. నెట్‌కి చదువుతూ చదువుతూ కుర్చీకి అతుక్కుపోయి ఇక్కడ ఆయాసపడిన వాళ్ళను చూశాను. ఆడేరోజుల్లో ఎంత బాగా ఆడినా సరే, చదివే రోజుల్లో కూడా వారానికి మూడుసార్లయినా పరుగెత్తండి.

రెండోది కోచింగ్ దారి. పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ, మనమంతా ఎన్ఐఎస్ అంటాం, 1961లో మొదలైంది. అక్కడి డిప్లొమాకి దేశమంతటా విలువుంది. అంత సమయం లేనివాళ్ళకు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది, కానీ దాన్ని డిప్లొమాతో సమానం అనుకోకండి, పోస్టులకు దరఖాస్తు పెట్టేటప్పుడు తేడా తెలుస్తుంది. వరల్డ్ అథ్లెటిక్స్ లెవెల్ 1 లాంటి కోర్సులు కూడా మనదేశంలో నడుస్తుంటాయి. నాలుగేళ్ళు గ్రౌండ్‌లో పనిచేశాక ఆ కోర్సుకి వెళ్తే అక్కడ చెప్పే ప్రతి మాటకీ మీ పిల్లల్లో ఎవరో ఒకరు కళ్ళముందు కనిపిస్తారు, అప్పుడు వంటబడుతుంది.

బీపీఈడీకి ఆంధ్రా వెళ్ళాలా, ఒడిశాలోనే చేయాలా అని పర్లాకిమిడి వాళ్ళు ఎప్పుడూ అడుగుతారు. పాతపట్నం అవతలి గట్టునే కనిపిస్తుంది కాబట్టి అటే సులువనిపిస్తుంది. కానీ అక్కడ పీఈసెట్‌లో (బీపీఈడీ ప్రవేశ పరీక్షలో) లోకల్, నాన్ లోకల్ లెక్క ఉంది, ఎక్కువ సీట్లు లోకల్ వాళ్ళకే. మీరు ఇంటర్, డిగ్రీ ఎక్కడ చదివారన్నది చూసుకుని నిర్ణయించుకోండి. ఉద్యోగం ఏ రాష్ట్రంలో చేయాలనుకుంటున్నారో ఆ రాష్ట్రంలో చదివితే కాగితాల గొడవ తక్కువ అని నేను చెబుతాను.

ఒడియా సరిగ్గా రాదు. ఇక్కడ ఉద్యోగం వస్తుందా?

రాయడం, చదవడం నేర్చుకోండి, తప్పదు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలని, కనీసం మిడిల్ స్కూలు స్థాయి ఒడియా పాసై ఉండాలని అడుగుతారు. తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివి ఒడియా సబ్జెక్టు లేనివాళ్ళు దరఖాస్తు చివరి తేదీ దగ్గరపడ్డాక టెన్షన్ పడతారు. డిగ్రీలో ఉండగానే ఆ పరీక్ష సంగతి తేల్చేసుకోండి. బజారులో మాట్లాడే ఒడియా అందరికీ వస్తుంది, ఉత్తరం రాసే ఒడియా వేరు.

గ్రౌండ్‌లో అయితే భాషలు తెలిసినకొద్దీ మంచిదే. గుణుపురం, రాయగడ కాలేజీల్లో సవర పిల్లలు, కోదు పిల్లలు ఉంటారు, ఇంట్లో మాట్లాడేది వాళ్ళ భాష. మొదటి నెలలో మనం చెప్పింది అర్థం కాకపోయినా తలూపుతారు, అర్థమైందనుకుని ముందుకెళ్ళిపోతే నష్టపోయేది వాళ్ళే. చెప్పడం తగ్గించి చేసి చూపించండి.

జీతం ఎంత వస్తుంది?

యూజీసీ స్కేలులో రెగ్యులర్ పోస్టు వస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానంగా లెవెల్ 10, మొదటి బేసిక్ 57,700. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, అంటే సాయ్, అసిస్టెంట్ కోచ్ పోస్టులు లెవెల్ 6లో ఇచ్చింది, మొదటి బేసిక్ 35,400. ఇవి పైన కనిపించే అంకెలు. కింద జరిగేది ఏమిటంటే చాలామంది గెస్ట్‌గానో, కాంట్రాక్టు మీదనో, ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ ఇచ్చిన కొద్దిపాటి జీతంతోనో ఏళ్ళు గడుపుతారు. సెలవుల్లో ఆ జీతం కూడా రాని చోట్లున్నాయి. ఇంటి బరువు మీ మీదే ఉంటే ఈ సంగతి ముందే ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోండి. చాలామంది సాయంత్రం పోలీసు, ఆర్మీ సెలక్షన్లకు వెళ్ళే కుర్రాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చి కొంత సంపాదించుకుంటారు. అది మంచిపనే, కాకపోతే కాలేజీ పిల్లల సమయం దానికి పోకుండా చూసుకోవాలి.

నేను నేషనల్స్‌లో మెడల్ కొట్టలేదు. మంచి కోచ్‌ని కాగలనా?

కాగలరు. పరుగెత్తడం ఒక విద్య, నేర్పడం ఇంకో విద్య. ఆడిన అనుభవం కొంతైనా ఉండాలి, ఎందుకంటే హీట్‌కి (ఫైనల్‌కి ముందు జరిగే అర్హత పరుగుకి) ముందు కడుపులో ఎలా ఉంటుందో తెలియనివాడు ఆ క్షణంలో పిల్లలతో ఏం మాట్లాడాలో తేల్చుకోలేడు. కానీ ఇంటర్ కాలేజ్ స్థాయి దాకా ఆడి, ఆపైన చూడటం, రాసుకోవడం, అడిగి తెలుసుకోవడం అలవాటు చేసుకున్నవాళ్ళు చాలా మంచి కోచ్‌లయ్యారు. కోచ్‌లకిచ్చే జాతీయ పురస్కారం ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలుపెట్టినప్పుడు తొలి గ్రహీతల్లో ఒకరు ఓ.ఎం. నంబియార్. దేశమంతా ఆయన్ని ఎరిగింది పి.టి. ఉష గురువుగానే.

మా కాలేజీలో సింథటిక్ ట్రాక్ లేదు. ఉత్త మైదానంలో ఏం చేయగలం?

చాలా చేయగలం. 400 మీటర్ల ట్రాక్ పట్టే స్థలం కూడా మన కాలేజీల్లో చాలాచోట్ల ఉండదు, 200 మీటర్ల ట్రాక్ వేసుకోవడమే. అది సరిగ్గా వేయడం ప్రతి కోచ్‌కి రావాలి, అందుకే ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

రెండు స్ట్రెయిట్లు 40 మీటర్ల చొప్పున పెట్టుకుంటే రెండు వంపులకి కలిపి 120 మీటర్లు మిగులుతాయి. 120ని 6.2832తో (అంటే 2π) భాగిస్తే వంపు వ్యాసార్ధం 19.10 మీటర్లు. పరుగెత్తేవాళ్ళు గీత మీద పరుగెత్తరు, గీతకి కొంచెం అవతల పరుగెత్తుతారు, అందుకే సున్నంతో గీసిన గీత నుంచి 20 సెంటీమీటర్లు అవతల కొలత పడాలి. అంటే లోపలి గీత వేయడానికి వ్యాసార్ధం 18.90 మీటర్లు. రెండు మేకులు సరిగ్గా 40 మీటర్ల దూరంలో కొట్టి, సాగని తాడుతో (నైలాన్ తాడు వద్దు, లాగినకొద్దీ సాగుతుంది, ఉక్కు టేపు అయితే మేలు) ఒక్కో మేకు నుంచి అర్ధచంద్రం తిప్పాలి. లేను వెడల్పు 1.22 మీటర్లు. పూర్తి రౌండు పరుగుకి రెండో లేనువాళ్ళు 7.67 మీటర్లు ముందు నిలబడాలి, మూడో లేనువాళ్ళు 15.33 మీటర్లు. ట్రాక్ 200 మీటర్లదైనా 400 మీటర్లదైనా, ఒక రౌండుకి సున్నం గీతల మీద ఈ తేడా మారదు. అందాజాగా అడుగులేసి స్టాగర్ (ఇలా ముందుకి జరిపే తేడా) పెట్టే కాలేజీ మీట్లు ఇంకా జరుగుతున్నాయి, అక్కడ ఓడిపోయిన పిల్ల నిజంగా ఓడిపోయిందో లేదో ఎవరికీ తెలియదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

హర్డిల్స్ కొనలేకపోతే వెదురుతో చేయించండి. పై కర్ర కట్టేయకుండా ఊరికే ఆనించి పెట్టాలి, కాలు తగిలితే పడిపోవాలి. ఆడపిల్లల 100 మీటర్ల హర్డిల్స్‌లో ఎత్తు 83.8 సెంటీమీటర్లు, మొదటి హర్డిల్ 13 మీటర్ల దగ్గర, తర్వాత ప్రతి 8.5 మీటర్లకొకటి, మొత్తం 10. కొత్తవాళ్ళకు మోకాలి ఎత్తులో మొదలుపెట్టి దూరం కూడా తగ్గించి పెట్టండి, మధ్యలో మూడు అడుగుల లయ కుదిరాకే ఎత్తు పెంచాలి. లాంగ్‌జంప్ పిట్‌లో ఇసుకను వానల తర్వాత పారతో పూర్తిగా తిరగేయించండి, గాజుపెంకులు, మేకులు దొరక్కుండా ఉండవు.

స్టాప్‌వాచ్‌తో తీసిన టైమింగ్‌ని నమ్మొచ్చా?

సరిగ్గా తీస్తే మీ వరకు పనికొస్తుంది. పిస్టల్ పొగ చూసి నొక్కాలి, చప్పుడు విని కాదు. శబ్దం 100 మీటర్లు రావడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది, చప్పుడుకి నొక్కితే కుర్రాడు ఉన్నదానికన్నా వేగంగా పరుగెత్తినట్టు వస్తుంది. ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చాలంటే 100, 200 మీటర్ల హ్యాండ్ టైమింగ్‌కి 0.24 కలపాలి. మీ గ్రౌండ్‌లో 10.9 పరుగెత్తినవాణ్ణి 11.14గానే రాసుకోండి, అదీ వాచ్ సరిగ్గా నొక్కితే. పెద్ద మీట్‌కి వెళ్ళి 11.3 వచ్చినప్పుడు వాడు కుంగిపోకుండా ఉంటాడు.

రికార్డుల సంగతి వస్తే జ్యోతి యర్రాజి ఉదాహరణ మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. 100 మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు 2022 దాకా మన ఒడిశా అమ్మాయి అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన 13.38గా ఉండేది. విశాఖ అమ్మాయి జ్యోతి 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో 13.03 పరుగెత్తింది, కానీ అక్కడ డోప్ టెస్ట్ జరగలేదని, ఫెడరేషన్ టెక్నికల్ ప్రతినిధి లేరని అది రికార్డు కాలేదు. 2022లో కోళికోడ్‌లో 13.09 పరుగెత్తితే వెనక గాలి సెకనుకి 2.1 మీటర్లుంది, అనుమతి 2.0 వరకే, అదీ పోయింది. అదే ఏడాది మేలో సైప్రస్‌లో 13.23 పరుగెత్తి రికార్డు తన పేరు మీదకి తెచ్చుకుంది. ఆ రెండుసార్లూ ఆ అమ్మాయి ఎలా నిలదొక్కుకుందో తలచుకుంటే నాకిప్పటికీ గౌరవం కలుగుతుంది.

ఎవరిని ఏ ఈవెంట్‌లో పెట్టాలో ఎలా తెలుస్తుంది?

కొండ ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలందర్నీ 5000 మీటర్లకి పంపేసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. దయచేసి అలా చేయకండి. వాళ్ళలో మంచి జంపర్లున్నారు, జావెలిన్‌కి పనికొచ్చే భుజాలున్నాయి. మొదటి నెలలో అందరికీ నాలుగు పరీక్షలు పెట్టండి: 30 మీటర్ల పరుగు, నిలబడి లాంగ్‌జంప్, గుండును రెండు చేతులతో తలమీదుగా వెనక్కి విసరడం, 800 మీటర్లు. పేరు, తేదీతో రాసి ఉంచండి. మూడు నెలలకి మళ్ళీ అవే. ఎవరు ఎందులో ఎక్కువ పెరిగారో చూస్తే దారి కనిపిస్తుంది, మొదటిరోజు ఎవరు ముందున్నారన్నది అంత ముఖ్యం కాదు.

ఆరోగ్యం విషయంలో కోచ్ ఏం తెలుసుకోవాలి? డాక్టర్ పని కదా?

డాక్టర్ పని డాక్టర్‌దే. కానీ పిల్ల కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు పక్కన ఉండేది మీరు, అందుకే రెండు విషయాలు మాత్రం గట్టిగా తెలిసి ఉండాలి.

మొదటిది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య రక్తజబ్బు. కోరాపుట్, రాయగడ, గజపతి లాంటి జిల్లాల్లో ఇది ఉంది. 2023 జూలైలో కేంద్రం దీనికోసం జాతీయ మిషన్ మొదలుపెట్టి 40 ఏళ్ళలోపు వాళ్ళకు పరీక్షలు చేయిస్తోంది. పూర్తి జబ్బు ఉన్నవాళ్ళకు సాధారణంగా చిన్నప్పుడే తెలిసిపోతుంది. ఒక్క సికిల్ జన్యువు మాత్రమే ఉన్నవాళ్ళు, అంటే ట్రెయిట్ ఉన్నవాళ్ళు, పైకి పూర్తి ఆరోగ్యంగా ఉంటారు, పరుగెత్తగలరు, మెడల్స్ కొట్టగలరు. వాళ్ళని గ్రౌండ్ నుంచి పంపేయాల్సిన పనేమీ లేదు. ప్రమాదం ఎక్కడంటే, సెలవుల తర్వాత మొదటి వారంలోనే ఎండలో, నీళ్ళు తాగకుండా, విరామం లేకుండా వరసగా స్ప్రింట్లు చేయించినప్పుడు. కండరం పట్టేసినప్పుడు అది గట్టిపడుతుంది, నొప్పికి అరుస్తారు. సికిల్ ట్రెయిట్‌తో కూలిపోయేవాళ్ళకు కాళ్ళు బలహీనమైపోతాయి, కండరం ముట్టుకుంటే మెత్తగానే ఉంటుంది, మాట్లాడగలుగుతారు కానీ లేవలేరు. దాన్ని బద్ధకం అనుకుని లేపి మళ్ళీ పరుగెత్తించడం ప్రాణాలకే ముప్పు. వెంటనే ఆపించి, నీడలోకి తెచ్చి, చల్లబరిచి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి, సికిల్ సంగతి తెలిసుంటే అక్కడ మొదటి మాటగా చెప్పండి. అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ మొదటి డివిజన్ కాలేజీల్లో 2010 నుంచి క్రీడాకారుల సికిల్ ట్రెయిట్ స్థితి తెలుసుకోవాలన్న నియమం పెట్టారు. మన జిల్లాల్లో రక్తపరీక్ష ఉచితంగా దొరుకుతోంది కాబట్టి మనం కూడా సీజన్ మొదట్లోనే చేయించొచ్చు. ఒక జాగ్రత్త: ఫలితం ఆ పిల్లకి, ఇంట్లోవాళ్ళకి, మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. పెళ్ళి సంబంధాల దాకా వెళ్ళే విషయమది.

రెండోది రక్తహీనత. బాగా పరుగెత్తే అమ్మాయి టైమింగ్ కారణం లేకుండా పడిపోతుంటే, మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే, తిట్టే ముందు హిమోగ్లోబిన్ చూపించండి. ఆడవాళ్ళకి 12 కన్నా, మగవాళ్ళకి 13 కన్నా తక్కువైతే రక్తహీనత. హాస్టల్ భోజనంలో అన్నం ఎక్కువ, మిగతావి తక్కువ. చోడి అంబలి, ఉలవలు, ఆకుకూరలు, గుడ్డు మన ఊళ్ళలో దొరికేవే. భోజనం చేసిన వెంటనే టీ తాగే అలవాటు మాన్పించండి, టీ తిన్న ఐరన్‌ని ఒంటబట్టనివ్వదు.

పౌడర్లు, ఇంజెక్షన్లు వాడమని బయటివాళ్ళు చెబుతున్నారు. ఏం చేయాలి?

ఇంజెక్షన్ పేరెత్తినవాణ్ణి మీ గ్రౌండ్‌లోకి రానివ్వకండి. ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే ఎవరిచ్చారన్న దానితో సంబంధం లేకుండా మొదటి బాధ్యత క్రీడాకారుడిదే, నాలుగేళ్ళ నిషేధం దాకా పడుతుంది. 19 ఏళ్ళ పిల్లకి నాలుగేళ్ళంటే కాలేజీ జీవితమంతా అయిపోయినట్టే. ఇచ్చిన కోచ్‌కి జీవితకాల నిషేధం కూడా పడొచ్చు. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా పోటీల సమయంలో పరిమితి దాటితే నేరమే. లేబుల్ లేని లేహ్యాలు, జిమ్‌లో డబ్బా విప్పి పొట్లం కట్టి ఇచ్చే పొడులు అసలే వద్దు. నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ళ నో యువర్ మెడిసిన్‌లో మందు పేరు కొట్టి చూసుకోవచ్చు, ఆ అలవాటు పిల్లలకే నేర్పండి.

ఆడవాళ్ళకి ఈ ఉద్యోగం కుదురుతుందా?

కుదురుతుంది, మన వైపు అవసరం కూడా చాలా ఉంది. అమ్మాయిల జట్టు రైల్లో రెండు రోజులు ప్రయాణం చేసి వెళ్ళాలంటే వెంట మహిళ ఉంటే తప్ప ఇళ్ళలో పంపరు, పంపకపోవడం తప్పు కూడా కాదు. మేడమ్ ఉన్న కాలేజీల్లో అమ్మాయిలు నెలసరి నొప్పి గురించి, గాయం గురించి దాచకుండా చెబుతారు, దాంతోనే సగం గాయాలు ముదరకుండా ఆగుతాయి. మగ కోచ్‌లకి నా మాట ఒక్కటే: ఏ అమ్మాయికైనా ట్రైనింగ్ ఒంటరిగా, తలుపు మూసిన గదిలో వద్దు. స్ట్రెచింగ్ చేయించేటప్పుడు చేయి వేయాల్సి వస్తే ముందు అడగండి, లేదా ఇంకో అమ్మాయి చేత చేయించండి. కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీ ఎవరో, ఫిర్యాదు ఎలా చేయాలో పిల్లలందరికీ మొదటి వారంలోనే చెప్పాలి. మొదటి సంవత్సరం పిల్లల్లో 18 నిండనివాళ్ళూ ఉంటారు, వాళ్ళకి పోక్సో చట్టం వర్తిస్తుంది.

ఇంటర్ యూనివర్సిటీ దాకా ఎలా వెళ్తారు?

కాలేజీ మీట్, ఆపైన యూనివర్సిటీ పరిధిలో ఇంటర్ కాలేజ్ మీట్ (మనకి ఎక్కువగా బరంపురం యూనివర్సిటీ, భంజబిహార్), అక్కడ ఎంపికైతే ఆల్ ఇండియా ఇంటర్ యూనివర్సిటీ, అందులో రాణిస్తే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్. ఆ గేమ్స్ మొదటిసారి 2020లో మన భువనేశ్వర్‌లోనే జరిగాయి. వయసు 17 నుంచి 25 మధ్య ఉండాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పుట్టినతేదీ వేరువేరుగా ఉన్న పిల్లలు మన దగ్గర కోకొల్లలు, జూలైలోనే సరిచేయించండి, సెలక్షన్ అయ్యాక పరుగెడితే కుదరదు.

క్యాలెండర్ విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. దసరా సెలవులకి పిల్లలు ఊళ్ళకి పోతారు, అప్పుడే తుఫాన్లు వస్తాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే. తిత్లీ తర్వాత గజపతి జిల్లాలో ఇళ్ళు పోయిన పిల్లలకి ప్రాక్టీస్ గురించి మాట్లాడే పరిస్థితే లేదు. అందుకని సెలవులకి వెళ్ళేవాళ్ళకి గ్రౌండ్ అక్కర్లేని వ్యాయామాలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: స్కిప్పింగ్, గట్టు ఎక్కే పరుగులు, ఒంటికాలి దూకుళ్ళు, ప్లాంక్. ఫోన్ సిగ్నల్ లేని ఊళ్ళు ఇంకా ఉన్నాయి, వాట్సాప్ మీద ఆధారపడకండి.

నిజంగా మంచి టాలెంట్ ఉన్న పిల్ల దొరికితే నా దగ్గరే ఉంచుకోవాలా?

పంపించండి. ఈ ప్రశ్నకి నా జవాబు ఎప్పుడూ ఇదే, దీని గురించే ఎక్కువగా చెప్పాలని ఉంది.

జ్యోతి యర్రాజి విశాఖలో స్కూలు గ్రౌండ్‌లో మొదలైంది, హైదరాబాద్ సాయ్ సెంటర్‌లో నాగపురి రమేష్ గారి దగ్గర నేర్చుకుంది (2016లో ఆయనకి ద్రోణాచార్య వచ్చింది), 2019 నుంచి భువనేశ్వర్‌లో రిలయన్స్ ఫౌండేషన్, ఒడిశా ప్రభుత్వం కలిసి నడిపే కేంద్రంలో జేమ్స్ హిల్లియర్ దగ్గర శిక్షణ పొంది 2023లో ఆసియా చాంపియన్ అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆ ఈవెంట్‌లో పరుగెత్తిన మొదటి భారతీయురాలైంది. మధ్యలో ఎవరో ఒకరు నా అమ్మాయి, నేను వదలను అని పట్టుబట్టి ఉంటే ఈ దారి అక్కడే ఆగిపోయేది. మన జిల్లాల నుంచి రైలెక్కితే భువనేశ్వర్ ఒక్క రాత్రి ప్రయాణం, కళింగ స్టేడియం, సాయ్ సెంటర్, రాష్ట్ర ప్రభుత్వ స్పోర్ట్స్ హాస్టళ్ళు ఉన్నాయి. ట్రయల్స్ ఎప్పుడో కనుక్కుని, మీరే టికెట్ తీసి, మీరే వెంట వెళ్ళండి.

పంపేటప్పుడు ఒక నోటుపుస్తకం కూడా ఇవ్వండి. అందులో రెండేళ్ళ టైమింగులు, గాయాలు ఎప్పుడు ఏ కాలికి అయ్యాయి, ఎత్తు, బరువు, రక్తపరీక్షలు, ఏ వ్యాయామం బాగా పనిచేసింది, ఏది చేయిస్తే పిక్క పట్టేసింది, అన్నీ ఉండాలి. కొత్త కోచ్‌కి అది దొరికితే ఆ పిల్లకి ఆరునెలలు కలిసొస్తాయి. పేపర్లో మీ పేరు రాదు. అది ముందే మనసుకి చెప్పుకోవాలి, లేకపోతే నాలుగైదేళ్ళకి చేదు పేరుకుపోయి కొత్త పిల్లల్ని కూడా అనుమానంగా చూడటం మొదలవుతుంది. అలాంటి పెద్దలను నేను చూశాను, వాళ్ళ బాధ కూడా అబద్ధం కాదు. అందుకే పంపిన తర్వాత కూడా ఫోన్ చేస్తూ ఉండండి. అక్కడ ఒంటరిగా అనిపించి తిరిగొచ్చేసే పిల్లలు చాలామంది, మన భాషలో అయిదు నిమిషాలు మాట్లాడే మనిషి ఉంటే వాళ్ళలో కొందరైనా నిలబడతారు.

అమెరికా కాలేజీల్లో కోచ్‌లకు బాగా ఉంటుందట?

అక్కడ పద్ధతి వేరు. పెద్ద యూనివర్సిటీలో స్ప్రింట్లకి ఒకరు, త్రోలకి ఒకరు, జంపులకి ఒకరు ఉంటారు, పిల్లల్ని స్కాలర్‌షిప్‌తో ఎంచుకుని తెచ్చుకోవడం కూడా కోచ్ ఉద్యోగంలో భాగమే. మన తేజస్విన్ శంకర్ కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో చదువుతూ 2018, 2022లో ఎన్‌సీఏఏ హైజంప్ టైటిళ్ళు గెలిచాడు. మీ దగ్గర ఆ స్థాయి పిల్ల ఉండి, ఇంగ్లీషు, మార్కులు బాగుంటే ఆ దారి ఉందని చెప్పండి. కోచ్‌గా మీరు వెళ్ళాలంటే అక్కడే పీజీ చేసి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ.

ఇంట్లో వాళ్ళు పరుగులతో ఏమొస్తుంది అంటారు. వాళ్ళకేం చెప్పాలి?

మెడల్స్ గురించి చెప్పకండి, ఉద్యోగాల గురించి చెప్పండి. రైల్వే స్పోర్ట్స్ కోటా, పోలీసు, సైన్యం, అగ్నివీర్ 1.6 కిలోమీటర్ల పరుగు, ఇవన్నీ వాళ్ళకి తెలిసిన విషయాలు. ఇంటికి వెళ్ళి చెప్పండి, కాలేజీకి పిలిపించి చెప్తే వినరు. కోతల రోజుల్లో, జీడి ఏరే రోజుల్లో పిల్ల పొలంలో ఉండాలంటే ఒప్పుకోండి, ఆ నాలుగు రోజులు వదిలితే మిగతా సంవత్సరం పంపుతారు. పరీక్షల్లో ఫెయిలయితే మాత్రం మొదట మాట పడేది మీరే, కాబట్టి అటెండెన్స్, ఇంటర్నల్ మార్కులు మీరూ కనుక్కుంటూ ఉండండి.

ఉద్యోగం రాకముందే ఎక్కడైనా మొదలుపెట్టొచ్చా?

ఈ వారమే మొదలుపెట్టొచ్చు. మీ ఊరి హైస్కూలు హెడ్మాస్టర్ గారిని కలిసి ఉదయం గంట సమయం అడగండి, చాలామంది సంతోషంగా ఇస్తారు. జిల్లా మీట్లలో టైమ్‌కీపర్‌గా, జంప్ పిట్ దగ్గర టేపు పట్టే మనిషిగా పనిచేస్తామని జిల్లా అథ్లెటిక్స్ అసోసియేషన్‌కి చెప్పండి, రూల్స్ అక్కడ వచ్చినంత బాగా పుస్తకంలో రావు. ఒక మంచి స్టాప్‌వాచ్, 50 మీటర్ల ఉక్కు టేపు, విజిల్, ప్రథమ చికిత్స పెట్టె, గట్టి అట్ట నోటుపుస్తకం కొనుక్కోండి. బూట్లు లేని పిల్లలు వస్తారు, వాళ్ళని ముందు గడ్డి మీదే పరుగెత్తించండి, రోడ్డు మీద వద్దు. పదిమందితో మొదలుపెట్టినా చాలు, కానీ వాన పడినా సరే ఆ గంటకి మీరు అక్కడ ఉండాలి.